తొమ్మిదో గడిలో ఎడమచేయి

సామ్రాజ్యాలకు కోటలుంటాయి, పతాకాలుంటాయి, పన్నులు కట్టే ప్రజలుంటారు. ఉభయరాష్ట్ర వయోజన పియానో సాధక పరస్పర ప్రోత్సాహక మహాసమాఖ్యకు ఇవేవీ లేవు. దాని భూభాగం ఒక ఫోన్ గ్రూపు. దాని జనాభా ఏడుగురు. ఆ ఏడుగురిలో ఏ ఒక్కరూ నలభై ఏళ్ళు నిండకముందు పియానో మెట్టు తాకిన పాపాన పోలేదు. నామకరణం చేసినవాడు భీమవరం దంతవైద్యుడు భానోజీరాజు. ఇంత పేరు ఫోన్ తెరమీద సగమే కనబడుతోందని ఎవరో మొరపెట్టుకుంటే, "మిగతా సగం గౌరవంగా ఊహించుకోవాలండీ, ఆయ్" అని సెలవిచ్చాడు.

రాజ్యమన్నాక రాజ్యాంగం ఉండాలి గనక అదీ ఉంది. నెలనెలా మొదటి ఆదివారం ప్రతి సభ్యుడూ భానోజీ స్వయంగా కూర్చిన పదహారు గడుల 'సమాఖ్య గీతం' వాయించి రికార్డు పంపాలి. స్వరపత్రంలో రెండు నిలువుగీతల మధ్యనుండే భాగాన్ని వాళ్ళు గడి అంటారు. ఒకరి రికార్డును మిగతావారు మూడుసార్లు విన్నాకే అభిప్రాయం రాయాలి. ఇక అతి ముఖ్యమైన మూడో అధికరణం ఇది: అభిప్రాయంలో తప్పు ఎత్తిచూపరాదు, ఏ గడిలో ఏమి బాగుందో గడి సంఖ్యతో సహా చెప్పాలి. నడివయసు దాటి వేళ్ళు కదపడం నేర్చుకునేవాడికి విమర్శకుల కొరత ఉండదు. వాళ్ళు ఇంట్లోనే ఉంటారు, అన్నం వడ్డిస్తూ కూడా విమర్శిస్తారు. కనుక ఈ ఒక్కచోటైనా దయ రాజ్యమేలాలని ఏడుగురూ ఏకగ్రీవంగా తీర్మానించారు. నాలుగేళ్ళపాటు దయే ఏలింది.

ఈ రాజ్యానికి కార్యదర్శి సువర్చల. విశాఖపట్నంలో ఓడల ధ్వనులను పరీక్షించే ప్రయోగశాలలో శాస్త్రవేత్త. యాభై రెండేళ్ళ మనిషి. ఆమె వృత్తి వినడం. ఇంజను గొంతులో వచ్చిన మార్పునుబట్టి లోపల ఏ భాగం అరిగిందో చెప్పడం ఆ ప్రయోగశాల పని. ఆమె దాన్ని ఇంకో అడుగు ముందుకు నెట్టింది. ఒక యంత్రం నెలనెలా చేసిన ధ్వనిని వరుసగా వినిపిస్తే, అది ముందుముందు ఎలా మోగబోతుందో ఇప్పుడే మోగించి చూపే పరికరాన్ని ఆరేళ్ళు కష్టపడి తయారుచేసింది. దానికి 'భావిశ్రవణి' అని పేరు పెట్టింది. సాంకేతిక సహాయకుడు పైడిరాజు మాత్రం దాన్ని సోదమ్మ అనేవాడు.

ఆ ఏడు వేసవిలో రేవులో ఓడలను లాగే ఒక టగ్గుపడవ గేరుపెట్టె శబ్దాలను, పద్నాలుగు నెలలవి, సోదమ్మ చెవిన వేశారు. సోదమ్మ పెట్టె పది నిమిషాలు మౌనం పాటించి, రాబోయే ఏడాది శబ్దాన్ని వినిపించింది. మామూలు హోరే. కాని చక్రం తిరిగిన ప్రతిసారీ ఒక్క 'టక్'. పడవ యజమానులు నవ్వారు. సువర్చల పట్టుబట్టి గేరుపెట్టె విప్పించింది. మూడో చక్రంలో ఒక పంటి మొదట్లో వెంట్రుకంత పగులు కనబడింది.

"సూసారా మేడమ్! సోదమ్మ నిజం సెప్పీసినాది," అన్నాడు పైడిరాజు, చేతుల గ్రీజు తుడుచుకుంటూ. "మనిసికి కూడా ఇలాటిదొకటి ఉంటే బాగున్ను."

"మనిషికి వద్దులే," అంది సువర్చల. "గేరుకి చెప్తే బాధపడదు."

చెప్పిన మాట తనే వినకపోవడం విజ్ఞానులకు కూడా కద్దు. సమాఖ్య నాలుగో వార్షికోత్సవం దగ్గరపడింది. ఒకే గీతం, ఒకే మనిషి, నెలకొకటి చొప్పున నాలుగు డజన్లకు దగ్గరగా రికార్డులు! భావిశ్రవణికి ఇంతకంటే పసందైన విందు ఏముంటుంది? సభ్యులందరికీ మూడేళ్ళ తర్వాతి తమ వాయింపును కానుకగా ఇస్తానని ఆమె ప్రకటించింది. అందరూ ఎగిరి గంతేసి ఒప్పుకున్నారు.

భానోజీ తన భవిష్యత్తును విని ఆదివారం పొద్దున్నే ఫోన్ చేశాడు.

"ఏవండీ సువర్చల గారూ, పదమూడో గడి! నాలుగేళ్ళబట్టి నేను బోర్లాపడే చోటండీ అది. అందులో నేను... అదే, ఆయన... పడలేదండీ!"

"మీరేనండీ ఆయన."

"నేనే! అసలు నమ్మలేకపోతున్నానండీ బాబూ!"

ఆ ఆనందంలో మహానుభావుడు సాధన మానేశాడు. వచ్చేది ఎలాగూ వస్తుంది కదా అని ఆయన వాదన. అలా మానేస్తే వచ్చేది రాదని, పెట్టె లెక్కంతా మనం ఇలాగే నడుస్తామన్న నమ్మకం మీద ఆధారపడిందని సువర్చల విడమరిచి చెప్పాల్సి వచ్చింది.

కానుకలు ఆరుగురికి చేరాయి. ఏడోది చేరలేదు.

ఆ ఏడో సభ్యుడు గుంతకల్లు దేవసహాయం. గూడ్సు బళ్ళకు గార్డుగా ముప్ఫై ఎనిమిదేళ్ళు చేసి రిటైరైనవాడు. అరవై ఏళ్ళు నిండిన మరునాడు రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాలుకు వెళ్ళి, క్యారమ్స్ బల్లల వెనక దుమ్ముకొట్టుకుపోతున్న పాత పియానో మూత ఎత్తాడు. అందులో మూడు మెట్లు ఆనాడే మూగవి, ఈనాటికీ మూగవే. ఇప్పుడాయనకు అరవై ఆరు. సమాఖ్యలో అందరికంటే పెద్ద, అందరికంటే ఓపికమంతుడు, సువర్చలను ఎన్నడూ చూడకపోయినా 'అమ్మా' అని తప్ప పిలవనివాడు.

ఆయన మూడేళ్ళ తర్వాతి వాయింపును సువర్చల ప్రయోగశాలలో ఒంటరిగా విన్నది. కుడిచేయి హాయిగా ఎదిగింది. ఎడమచేయి మొదటి గడిలో ఉంది, రెండో గడిలో కొంచెం చిన్నదైంది, నాలుగులో మరీ చిన్నదైంది. తొమ్మిదో గడికి వచ్చేసరికి లేనే లేదు. ఉండవలసిన చోట ఏదో సన్నని తడబాటు, ఒక్కసారి నొక్కవలసిన మెట్టును ఎవరో పదేపదే తాకుతున్నట్టు. ఆమె లెక్కపెట్టింది. సెకనుకు అయిదు.

మొదట పియానోను అనుమానించింది. మూగమెట్ల పియానో గనక ఆ అనుమానం న్యాయమైనదే. కాని పన్నెండో గడిలో కుడిచేయి అవే మెట్లమీదికి దిగివస్తుంది. అప్పుడు అవి గంటల్లా మోగుతున్నాయి. నేరం మెట్లది కాదు. తర్వాత అసలు రికార్డులు తీసి ఎడమచేతి బలాన్ని నెలవారీగా గీతగా గీసింది. పద్దెనిమిదో నెలదాకా గీత ఎక్కుతూ ఉంది. అక్కడినుంచి దిగుతోంది, నెలనెలా, గోడమీది తడిలా మెల్లగా. ఓడల భాషలో ఆ వాలుకు ఒక పేరుంది. అరుగుదల.

"ఇది ఏ బండిది మేడమ్?" అన్నాడు పైడిరాజు వెనకనుంచి గీత చూసి. "బేరింగు పోయీలాగుంది. ఏగిరం విప్పించీయండి."

 సువర్చల సమాఖ్య పాత సందేశాలు వెతుకుతోంది. పంతొమ్మిదో నెల దగ్గర ఆగింది. అక్కడ ఒక అభిప్రాయం ఉంది, కళాత్మకమైనది, గడి సంఖ్యతో సహా:

'తొమ్మిదో గడిలో ఎడమచేయి అలా తగ్గుతూ పోవడం మహాద్భుతం. మాట్లాడుతూ మాట్లాడుతూ ఎవరో గుమ్మం దాటి వెళ్ళిపోతున్నట్టుంది. ఇలాగే కొనసాగించండి.'

రాసింది సువర్చల.

దాని కింద అయిదుగురి చప్పట్లు. భానోజీ అయితే 'మౌనంలోకి జారే మాధుర్యం' అని ఒక సమాసం కూడా సమర్పించాడు. అన్నిటికంటే దిగువన దేవసహాయం జవాబు: 'నేను అనుకొని చేసింది కాదమ్మా. దానంతట అదే వచ్చేసింది.' దానికి మళ్ళీ ఆరుగురి చప్పట్లు. పాపం ఆయన చెప్పనే చెప్పాడు. ఏడాది తర్వాత గీతాన్ని మరీ నెమ్మదిగా వాయిస్తుంటే ఆయన శైలి పండిందన్నారు. వినడమే వృత్తిగా బతికే మనిషి, గేరుపంటిలో వెంట్రుకంత పగులు పట్టిన మనిషి, రెండేళ్ళు నెలకు మూడుసార్లు చొప్పున విని, అరుగుదలకు పూలదండ వేసింది.

గ్రూపులో దేవసహాయం అడుగుతూనే ఉన్నాడు. 'నాది యెప్పుడమ్మా?' 'నా భవిష్యత్తు బండి లేటా?' సువర్చల సాంకేతిక లోపమని రాసింది. నాలుగు రోజుల తర్వాత అది కూడా రాయలేక భానోజీకి ఫోన్ చేసి ఉన్నదంతా చెప్పింది.

 దంతవైద్యుడు మూడో అధికరణాన్ని ఆశ్రయించాడు.

"తప్పు ఎత్తిచూపకూడదు కదండీ. పైగా పెట్టె చెప్పిందని ఒక పెద్దాయన్ని భయపెడతామా? రోగమని మీరు డాక్టరా? నేనున్నాననుకోండి, నాకు తెలిసింది పళ్ళవరకే."

"మీ దగ్గరికి చిగుళ్ళు వాచినవాడు వచ్చి, నవ్వు ఎలా ఉందని అడిగితే?"

"బాగుందంటానండీ. ఎక్స్‌రే కూడా తీస్తాను." అనేసి ఆయన ఆగాడు. "ఆ సమాసం నేనే రాశాను కదండీ? మౌనంలోకి జారే..."

"మొదట రాసింది నేను."

"ఫోన్‌లో చెప్పకండి," అన్నాడు భానోజీ చివరికి. "వెళ్ళండి. నాకైతే ధైర్యం లేదు."

ఈలోగా ఇంట్లో కూడా ప్రయోగశాల వెలిసింది. సువర్చల భర్త జోగారావు స్నానానికి పోతూ కూనిరాగం తీసే అలవాటున్నవాడు. ఆమె కాఫీ గ్లాసు పట్టుకుని తనవైపే చూస్తుండటం గమనించి రాగం ఆపేశాడు.

"ఏంటలా వింటున్నావ్? నా గేరుపెట్టె ఎన్నాళ్ళొస్తుందేంటి?"

"ఏం లేదండీ. పాడండి."

"నువ్వలా చూస్తుంటే ఎలా పాడతాను?"

ఆ తర్వాత ఆయన తలుపు గడియ వేసుకుని, లోపల కూడా పాడలేదు. పాలవాడి కేకలో, పైవాటాలోని ముసలావిడ దగ్గులో, తన గొంతులో, సువర్చలకు అన్నిటా వాలుగీతలే వినబడసాగాయి. లోకంలో ప్రతి ధ్వనీ ఎటో వెళుతోంది. ఆ దిక్కు తెలిసినవాళ్ళకు కచేరీ ఉండదు, జోస్యమే ఉంటుంది.

గుంతకల్లు స్టేషనులో దిగేసరికి మిట్టమధ్యాహ్నం. దేవసహాయం భార్య సలోమితో సహా ప్లాట్‌ఫారం మీదికే వచ్చాడు. తెల్లచొక్కా, చేతిలో మల్లెల పొట్లం, ముఖమంతా నవ్వు. ముందు నడిచి దారి చూపాడు. కుడిచేయి నడకతో పాటు ఊగుతోంది. ఎడమచేయి పక్కన వేలాడుతోంది, ఎవరో తగిలించి మరిచిపోయినట్టు.

"ఈయన చొక్కా బొత్తాలు నేనే పెడతాండమ్మా ఈమధ్య," అంది సలోమి నవ్వుతూ. "రిటైరైనాక మొగోళ్ళకు సోమరితనం గదా!"

"పియానోకు ల్యాని సోమరితనం నీకొకదానికే కనబడ్తాది," అన్నాడాయన.

ఇన్‌స్టిట్యూట్ హాల్లో నలుగురు రైల్వేవాళ్ళు క్యారమ్స్ ఆడుతున్నారు. దేవసహాయం అతిథి గౌరవార్థం సమాఖ్య గీతం ఆసాంతం వాయించాడు. తొమ్మిదో గడి వచ్చింది. ఎడమచేయి గుమ్మం దాటి వెళ్ళిపోయింది. ఆయన గర్వంగా ఆమెవైపు తిరిగాడు.

"నీకిష్టమైన చోటు గదమ్మా?"

సువర్చల బల్లమీద ఆయన పక్కనే కూర్చుంది. దారిపొడుగునా కూర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి.

"దేవసహాయం గారూ, అది అందం కాదండీ. మీ ఎడమచేయి బలం తగ్గుతోంది. రెండేళ్ళ నుంచి. నేను తప్పు చెప్పాను."

ఆయన నవ్వు వెంటనే పోలేదు. బ్రేకు పడ్డాక రైలు మెల్లగా ఆగినట్టు, కాసేపటికి ఆగింది.

"నేర్చుకోని చెయ్యి గదా, మొద్దు అనుకుంటి. ఇది డాక్టరు చెప్పినాడా, నీ పెట్టె చెప్పిందా?"

"పెట్టె. రోగం పేరు దానికి తెలీదు. నాకూ తెలీదు. ఏదో ఉందని మాత్రం తెలుసు. నరాల డాక్టరుకి చూపించాలి, ఆలస్యం చెయ్యకుండా."

"వినిపీ."

"వద్దండీ."

"ముప్ఫై ఎనిమిదేండ్లు బండి తోకలో కూర్చున్నోణ్ణి. ముందర ఏముందో చూసే రాత నాకెప్పుడూ ల్యాకపాయ. ఇప్పుడన్నా విననీ."

ఆమె ఫోన్ ఇచ్చింది. ఆయన చెవి దగ్గర పెట్టుకుని పదహారు గడులూ విన్నాడు. క్యారమ్స్ బల్లమీద ఎర్రబిళ్ళ పడ్డట్టుంది, ఆటగాళ్ళు కేక వేశారు. ఆయన ఫోన్ దించలేదు. దించినప్పుడు కంట తడి లేదు. కోపం ఉంది.

"ఒక మాట అడుగుతా. మీరు ఆరుమంది. నెలనెలా మూడుసార్లు విన్నారు. గూడ్సుబండి ఆఖరి వ్యాగన్ చక్రం కాడ పొగొస్తాంటే ఏం చేయల్ల? ఎర్రజెండా ఊపల్ల. మీరేం చేసినారు? ఆ పొగ ఎంత అందంగా ఉందప్పా అని రాసినారు. వ్యాగన్ నంబరు గూడా ఏసి రాసినారు!"

సువర్చల తలదించుకుంది. సమాఖ్య చరిత్రలో ఒక సభ్యుడు మరొకరి తప్పును ఎత్తిచూపడం అదే మొదలు. ఎత్తిచూపింది అక్షరాలా నిజం.

సలోమి ఇద్దరినీ మార్చిమార్చి చూసింది. లేచి వచ్చి భర్త ఎడమచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుంది. బొత్తాల సంగతి ఆమెకప్పుడు అర్థమైంది. "రేపే పోదాం పా, కర్నూలుకు," అంది.

దేవసహాయం కొంతసేపటికి, "భోంచేసి పోదువు రామ్మా," అన్నాడు సువర్చలతో. "కోపం కోపమే. కూడు కూడే."

కర్నూలు వైద్యుడు పేరు చెప్పాడు. పార్కిన్సన్స్. ఇంకా తొలిదశే అన్నాడు. పోయేది కాదన్నాడు, కాని మాత్రలు పనిచేస్తాయన్నాడు. రెండేళ్ళ ముందే వచ్చుంటే ఈ రెండేళ్ళూ ఇంకొంచెం సుఖంగా గడిచేవని కూడా అన్నాడు. ఈ ఆఖరి మాటను దేవసహాయం గ్రూపులో ఉన్నదున్నట్టు రాశాడు, ఎవరి పేరూ ఎత్తకుండా.

సమాఖ్య కంపించింది. ఖమ్మం సభ్యురాలు తన రికార్డులన్నీ తుడిచెయ్యమని కోరి సెలవు తీసుకుంది. తన వేళ్ళలో ఏముందో తెలుసుకోవడం తనకూ వద్దనుకుంది కాబోలు. ఇంకొకాయన కారణం చెప్పకుండానే నిష్క్రమించాడు. మిగిలిన అయిదుగురితో భానోజీ రాజ్యాంగ సవరణ సభ ఏర్పాటు చేశాడు. 'తప్పు ఎత్తిచూపరాదు' అన్నచోట 'అవసరమైన తప్పు' అని చేర్చాలా, ఏది అవసరమో ఎవరు నిర్ణయించాలి అన్న మహాచర్చ రెండు ఆదివారాలు సాగి, తీర్మానం లేకుండా వాయిదా పడింది. ఈలోగా ఎవరి రికార్డుకూ ఎవరూ ఏమీ రాయలేదు. పొగడ్తమీద నమ్మకం పోయింది, తెగడ్త ఎలా చెయ్యాలో తెలియదు.

ప్రయోగశాల అధిపతి మాత్రం ఉప్పొంగిపోయాడు. గేరుపెట్టెలకంటే మనుషులే ఎక్కువమంది గనక భావిశ్రవణి భవిష్యత్తు ఉజ్జ్వలమన్నాడు. పక్కన వైద్యుడు లేకుండా, అడిగి ఒప్పించకుండా ఇక ఏ మనిషి ధ్వనినీ పెట్టెలో వెయ్యనని సువర్చల కాగితంమీద రాసి సంతకం చేసి ఇచ్చింది.

చలికాలం మొదట్లో ఒక ఆదివారం పొద్దున దేవసహాయం రికార్డు వచ్చింది. అయిదు నెలల తర్వాత మొదటిది.

మాత్రలతో పాటు కర్నూలులో ఒక వ్యాయామ శిక్షకురాలు ఆయనకు ఒక సూత్రం చెప్పిందట. ఈ రోగంలో చెయ్యి తెలియకుండానే చిన్న కదలికలకు అలవాటు పడుతుంది, కనుక ప్రతి పనీ అవసరమనిపించిన దానికంటే పెద్దగా చెయ్యాలి. దేవసహాయం ఆ సూత్రాన్ని గార్డు నిబంధనల పుస్తకంలా పాటించాడు. రికార్డులో ఎడమచేయి సమ్మెటలా పడుతోంది. కుడిచేయి దానికింద ఎక్కడో ఊపిరాడక కొట్టుకుంటోంది. భానోజీ సుకుమార గీతం పెళ్ళి ఊరేగింపులా ఉంది.

గ్రూపులో ఎవరో రాయబోతున్నట్టు తెరమీద గుర్తు కనబడింది, మాయమైంది. మళ్ళీ కనబడింది, మళ్ళీ మాయమైంది. అయిదు గడపల్లో అయిదుగురు ఆ గుర్తునే చూస్తున్నారు. ప్రయోగశాల సువర్చల ఇంటికి నాలుగు కిలోమీటర్లే. ఈ ఒక్క రికార్డు సోదమ్మకు వినిపిస్తే గీత ఎటు తిరిగిందో అరగంటలో తెలిసిపోతుంది. ఆమె లేవలేదు. మూడుసార్లు విన్నది. తర్వాత రాసింది:

'దేవసహాయం గారూ, ఎడమచేయి మరీ గట్టిగా ఉంది. తొమ్మిదో గడిలో కుడిచేయి వినబడనే లేదు. పదకొండో గడిలో రెండు తప్పులు.'

పంపించి, వేలు ఇంకా తెరమీదే ఉండగా ఫోన్ మోగింది.

"ఏమ్మా! అంత గట్టిగా ఉందా?" గుంతకల్లు గొంతు గదంతా నిండింది. "ఈడ క్యారమ్స్ ఆడేటోళ్ళు గూడా సెక్రెటరీకి అర్జీ పెట్టినారు. బల్లమీద బిళ్ళలు కదుల్తాండాయంట!"

"నిజంగానే గట్టిగా ఉందండీ," అంది సువర్చల. "చాలా గట్టిగా ఉంది."

"అది సరే. పదకొండులో రెండు తప్పులని రాసినావు."

"అవునండీ. రెండు."

"మూడు," అన్నాడు దేవసహాయం. "సరిగ్గా విను."

అటువైపు ఆయన కాచుకుని కూర్చున్నాడు. సువర్చల ఫోన్ పెట్టెయ్యకుండానే, రికార్డును మొదటి గడినుంచి మళ్ళీ పెట్టింది.